ఆఖరి గది చూడకుండా అడ్వాన్సు కట్టకండి

ప్రశ్న: మా అమ్మగారికి 78 ఏళ్లు. నాన్నగారు పోయిన తర్వాత పాలకొల్లు దగ్గర మా ఊళ్లో ఒంటరిగానే ఉంటున్నారు. కొన్ని నెలల కిందట బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగితే రాజమండ్రిలో ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు వాకర్ పట్టుకుని, పక్కన మనిషి ఉంటే నాలుగడుగులు వేయగలరు. షుగరు ఉంది, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేయాలి. ఈమధ్య మతిమరుపు బాగా పెరిగింది. సాయంత్రమైతే చాలు, సొంత ఇంట్లోనే ఉండి కూడా ఇంటికి తీసుకెళ్లమని గొడవ చేస్తారు. ఇంట్లో మనిషిని పెట్టి చూశాం గాని ఎవరూ నిలవలేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, తమ్ముడు న్యూజెర్సీలో ఉన్నాడు. నర్సింగ్ సేవలు కూడా ఉన్నాయని చెప్పే రెండు వృద్ధాశ్రమాలు చూశాను. భీమవరం దగ్గరది కొత్త భవనం. ఏసీ గదులు, సీసీ కెమెరాలు, అద్దంలాంటి మార్బుల్ నేల, గుమ్మంలోనే ఫినాయిల్ వాసన. అయితే ఆదివారం ఒక్క గంట మాత్రమే చూడనిస్తారట; పై అంతస్తు చూపించలేదు. రెండోది నరసాపురం వైపు కాలువ గట్టు పక్కన పాత మండువా లోగిలి. 18 మంది ఉన్నారు. ఒక గదిలో మూత్రం వాసన వచ్చింది, రిజిస్టర్లన్నీ చేత్తో రాసినవే, కానీ ఎవరైనా ఎప్పుడైనా రావచ్చన్నారు. అమెరికాలో ఉన్నట్టు స్టార్ రేటింగ్ చూసి చేర్చమని తమ్ముడంటున్నాడు. ఏది మంచిదో ఎలా తెలుసుకోవాలి? అమ్మను ఆశ్రమంలో వేశారని ఊళ్లో వాళ్లు అనుకుంటారన్న బాధ కూడా ఉంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందుగా మీ తమ్ముడి సందేహం తీరుస్తాను. ఆయన చెప్పినది నిజమే. అమెరికాలో ప్రభుత్వ బీమా సొమ్ము తీసుకునే నర్సింగ్ హోమ్‌లన్నీ (అక్కడ ఆ మాటకు వృద్ధులను ఉంచుకుని చూసుకునే చోట్లని అర్థం) కనీస ప్రమాణాలు పాటించాలని 1987లో చట్టం చేశారు. తనిఖీల ఫలితాలను, సిబ్బంది సంఖ్యను, అక్కడ ఉన్నవారి ఆరోగ్య వివరాలను కలిపి 2008 డిసెంబరు నుంచి ప్రతి సంస్థకూ ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తున్నారు. అయితే అక్కడ కూడా చాలా ఏళ్లపాటు తమ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారన్న లెక్కను ఆ సంస్థలే రాసి ఇచ్చేవి. జీతాల పట్టీలను బట్టి ఆ లెక్క కట్టడం 2018లో గాని మొదలు కాలేదు. మన దగ్గర అటువంటి నక్షత్రాలు లేవు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం ప్రధానంగా పిల్లల బాధ్యత గురించి, ప్రభుత్వం పెట్టవలసిన ఆశ్రమాల గురించి మాట్లాడుతుంది. ఆశ్రమాలకు రిజిస్ట్రేషను, కనీస ప్రమాణాలు తేవాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు గాని అది చట్టం కాలేదు. అందువల్ల అక్కడ తనిఖీ బృందం చేసే పనిని ఇక్కడ మీరే చేయాలి.

గోడకు వేలాడే సర్టిఫికెట్ల గురించి ఒక్క మాట. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రులు, నర్సింగ్ హోమ్‌లు 2002 నాటి చట్టం ప్రకారం జిల్లా వైద్య ఆరోగ్య శాఖ దగ్గర నమోదు కావాలి. ఆశ్రమం నడిపేవారికి ఊళ్లో ఆసుపత్రి కూడా ఉంటే ఆ ఆసుపత్రి సర్టిఫికెట్టునే ఆశ్రమం గోడకు తగిలించే అవకాశం ఉంది. దాని మీద ఏ సంస్థ పేరు, ఏ చిరునామా ఉన్నాయో, గడువు ఎప్పటిదాకా ఉందో నిలబడి చదవండి. ట్రస్టుగానో సొసైటీగానో నమోదైన కాగితం చూపిస్తే అది సంస్థ ఉన్నదని చెబుతుందే తప్ప సేవ ఎలా ఉంటుందో చెప్పదు. ఇన్సులిన్ వేసేది, పుండ్లకు కట్లు కట్టేది ఎవరని అడిగి, వారు జీఎన్ఎం (నర్సు డిప్లొమా) చదివారా, ఏఎన్ఎం (అంతకంటే చిన్న నర్సు కోర్సు) చదివారా, రాష్ట్ర నర్సుల కౌన్సిల్‌లో నమోదయ్యారా అన్నది తెలుసుకోండి. తెల్లకోటు వేసుకున్న ఆయాను నర్సమ్మ అని పిలవడం మనకు అలవాటు; ఆయా మంచిదే కావచ్చు, కానీ ఇన్సులిన్ మోతాదు ఆమె చేతిలో ఉండకూడదు.

ఇక అసలు సంగతి. మీరు చూసిన రెండు చోట్లలోనూ మిమ్మల్ని ముందు గదిలో కూర్చోబెట్టి, మాట్లాడగలిగిన, నడవగలిగిన పెద్దలను చూపించి ఉంటారు. వారు తమకు కావలసినది అడిగి తీసుకోగలరు. వారి ముఖం చూసి సేవను అంచనా వేయలేం. ఒక ఆశ్రమం ఎలాంటిదో తెలియాలంటే మంచం దిగలేని, నోరు తెరిచి అడగలేని, చూడటానికి బంధువులెవరూ రాని మనిషి దగ్గరికి వెళ్లాలి. అటువంటి వారిని సాధారణంగా ఆఖరి గదిలోనో పై అంతస్తులోనో ఉంచుతారు. ఇవాళ నాలుగడుగులు వేస్తున్న మీ అమ్మగారు రెండేళ్లకో మూడేళ్లకో ఆ గదికే చేరవచ్చు గనుక మీరు డబ్బు కడుతున్నది నిజానికి ఆ గదికే. భీమవరం వారు పై అంతస్తు చూపించలేదన్నారు. అక్కడివారి మర్యాద కోసం చూపించలేదని వారు చెప్పవచ్చు, ఆ మాటలో కొంత న్యాయమూ ఉంది. కానీ స్నానాలు, బట్టలు మార్చడం అయిన వేళ చెప్పమని, ఆ వేళకు వస్తామని అంటే అభ్యంతరం ఉండకూడదు. అప్పటికీ కుదరదంటే ఆ భవనం సంగతి ఇక ఆలోచించనక్కరలేదు.

ఆ గదిలో మొదట చూడవలసినది చర్మం. ఒకే భంగిమలో గంటల తరబడి పడుకున్న మనిషికి ఎముక ఒత్తుకునే చోట రక్తప్రసారం ఆగి పుండు పడుతుంది. నడుము కింది భాగం, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం దీనికి అనువైన చోట్లు. మొదటి గుర్తు ఎర్రటి మచ్చ అని పుస్తకాల్లో రాస్తారు గాని, మన చామనఛాయ ఒంటి మీద అది ఎరుపుగా కనిపించకపోవచ్చు. చుట్టుపక్కల కంటే నల్లగానో నీలంగానో, తాకితే వేడిగానో గట్టిగానో ఉంటుంది, వేలితో నొక్కి వదిలినా రంగు మారదు. ఆ దశలో కనిపెట్టి ఒత్తిడి తీసేస్తే మానిపోతుంది. దాటిపోతే కండ దాకా, ఎముక దాకా వెళుతుంది, షుగరు ఉన్నవారికి నెలల తరబడి మానదు. మీరు పరాయివారి దుప్పటి ఎత్తి చూడలేరు, చూడకూడదు కూడా. కానీ అడగవచ్చు: ప్రస్తుతం ఎంతమందికి పుండ్లు ఉన్నాయి, అవి ఇక్కడికి వచ్చాక పడ్డవా, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నవా, ఎవరికి ఏ రోజు కట్టు మార్చారు? తమ దగ్గర ఎన్నడూ ఎవరికీ పుండు పడలేదని చెప్పే చోటు కంటే, ఇద్దరికి ఉన్నాయి, ఒకరికి మానుతోంది, రెండోవారికి మానడం లేదు అని రిజిస్టరు తెరిచి చూపించే చోటును నేను ఎక్కువ నమ్ముతాను. చేత్తో రాసిన రిజిస్టర్లని మీరు కొంచెం తక్కువగా రాశారు. ఏ గంటకు ఎవరిని ఏ వైపుకు తిప్పారో వేరువేరు చేతిరాతల్లో, వేరువేరు కలాలతో, అక్కడక్కడ కొట్టివేతలతో రాసి ఉంటే ఆ పని జరుగుతున్నట్టే లెక్క. నెల రోజులదీ ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో, ముత్యాల్లా ఉంటేనే అనుమానించాలి.

పుండ్లు పడకుండా ఉండాలంటే మంచం పట్టిన మనిషిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం ఆనవాయితీ. ఈ ఒక్క విషయం తీసుకుని లెక్క వేస్తే రాత్రి సిబ్బంది సరిపోతారో లేదో ఎవరూ చెప్పకుండానే మీకు తెలుస్తుంది. ఒకరిని తిప్పి, డైపరు చూసి, తడిసి ఉంటే మార్చి, దుప్పటి సర్దడానికి పది నిమిషాలు అనుకుందాం. అటువంటివారు 12 మంది ఉంటే 120 నిమిషాలు, అంటే సరిగ్గా రెండు గంటలు. ఆఖరివారి దగ్గర పని ముగిసేసరికి మొదటివారి వంతు మళ్లీ వస్తుంది. ఒక్క ఆయా తెల్లవార్లూ క్షణం కూర్చోకుండా, మంచినీళ్లు తాగకుండా తిరిగితే గాని ఆ పని పూర్తికాదు, పైగా బరువైన మనిషిని తిప్పడానికి ఇద్దరు కావాలి. అందుకని ఎంతమంది సిబ్బంది ఉన్నారని అడగకండి. పగటి వంటమనిషిని, తోటమాలిని, వాచ్‌మన్‌ను కలిపి పెద్ద అంకె చెబుతారు. రాత్రి రెండు గంటలకు మెలకువగా ఉండేవారు ఎందరు, ఆ వేళ మంచం దిగలేనివారు ఎందరు అని అడగండి. ఈ విషయంలో మీ తమ్ముడు మీకంటే బాగా సాయపడగలడు. మన రాత్రి 2 గంటలు న్యూజెర్సీలో వేసవిలో సాయంత్రం నాలుగున్నర, చలికాలంలో మూడున్నర. అమ్మగారు చేరిన తర్వాత అప్పుడప్పుడు ఆ వేళకు డ్యూటీ ఫోనుకు కాల్ చేసి, అమ్మ ఎలా పడుకున్నారు, ఏ వైపు తిరిగి ఉన్నారు, దుప్పటి కప్పుకున్నారా అని మర్యాదగా అడిగితే చాలు. ఎన్ని రింగులకు ఎత్తారు, నిద్రలోంచి లేచి మాట్లాడుతున్నారా, వెళ్లి చూసి వచ్చి చెప్పారా అన్నది గమనించాలి. సీసీ కెమెరా చూస్తూ కూర్చోవడం కంటే ఇది ఉపయోగం. గదిలో కెమెరా పెట్టి అమ్మగారి స్నానం, బట్టలు మార్చడం అన్నీ ఎవరి ఫోనులోనో కనిపించేలా చేస్తామంటే మాత్రం వద్దని చెప్పండి.

వాసన గురించి రాశారు. మూత్రం వాసన వచ్చిన గదిని చూసి మీరు వెనక్కి తగ్గి ఉంటారు, సహజమే. కానీ మంచం పట్టినవారు ఉన్న ఇంట్లో ఏదో ఒక వేళ ఏదో ఒక గదిలో ఆ వాసన ఉంటుంది. అప్పుడే తడిసిన బట్ట వాసన వేరు, పరుపులోకి, గోడ మూలల్లోకి ఇంకిపోయిన పాత వాసన వేరు. మళ్లీ వెళ్లి, అదే గదిని గంటన్నర తేడాతో రెండుసార్లు చూడండి. రెండోసారి వాసన లేకపోతే అక్కడ ఎవరో వచ్చి పని చేసి వెళ్లారన్నమాట. రెండుసార్లూ అలాగే ఉంటే ఆ ఇల్లు కూడా వదిలేయండి. గుమ్మంలో ఫినాయిల్ వాసన వచ్చిందంటే గుమ్మం కడిగారని మాత్రమే అర్థం.

తిండి విషయంలో చాలామంది వంటగది చూసి, కూరలు రుచి చూసి తృప్తిపడతారు. మీరు బరువు రిజిస్టరు అడగండి. పెద్దవారి ఒంటి బరువు నెలలో నూటికి 5 వంతులు గాని, ఆరు నెలల్లో 10 వంతులు గాని తగ్గిందంటే అది పట్టించుకోవలసిన తగ్గుదల అని వైద్యులు చెబుతారు. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలన్నమాట. నెలనెలా బరువు చూడని చోట ఈ సంగతి చీర వదులైనప్పుడో బుగ్గలు పీక్కుపోయినప్పుడో గాని తెలియదు. భోజనం వేళకు వెళ్లి, తనంతట తినలేనివారికి ఎవరు తినిపిస్తున్నారో, కూర్చోబెట్టి తినిపిస్తున్నారో, పడుకోబెట్టే నోట్లో పోస్తున్నారో చూడండి. పడుకోబెట్టి పెడితే అన్నం, జావ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. తిన్న తర్వాత కూడా అరగంట కూర్చోబెట్టి ఉంచాలి. పళ్లెం ముందు పెట్టి, పది నిమిషాలకు అలాగే తీసుకుపోయి, తినలేదని రాసుకునే చోట్లు ఉన్నాయి. మన వైపు చేపల పులుసు లేకపోతే ముద్ద దిగదనేవారు ఎక్కువ. మతిమరుపు ఉన్నవారికి ముల్లు తీసి పెడుతున్నారా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, దాన్ని బట్టి ఒక మనిషి పక్కన కూర్చుని తినిపిస్తోందో లేదో తెలిసిపోతుంది.

మీ అమ్మగారికి ఇన్సులిన్ ఉంది గనుక ఇంజెక్షను ఏ గంటకు వేస్తారు, టిఫిను ఏ గంటకు వస్తుంది అని విడివిడిగా, ఇద్దరిని అడగండి. నర్సు ఏడున్నరకు వేసి వెళ్లిపోయి, ఇడ్లీ తొమ్మిదింటికి వస్తే మధ్యలో షుగరు 70 కంటే కిందికి పడిపోవచ్చు. మతి బాగున్న మనిషి కళ్లు తిరుగుతున్నాయనో చెమట పడుతోందనో చెబుతుంది. మీ అమ్మగారు చెప్పలేరు, ఆ అయోమయాన్ని అందరూ మతిమరుపు ఖాతాలో వేస్తారు. గ్లూకోమీటరు ఎక్కడుంది, ఆదివారం స్ట్రిప్పులు అయిపోతే ఎవరు తెస్తారు, ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్‌కు కరెంటు పోతే ఇన్వర్టరు ఉందా అని కూడా అడగండి. వాడిన సూదులు ఎక్కడ వేస్తున్నారో ఒకసారి చూడండి. మామూలు చెత్తబుట్టలో సూదులు కనిపిస్తే అక్కడ నర్సు పని తెలిసినవారు లేరని అర్థం.

మతిమరుపు ఉన్నవారి విషయంలో రెండు ప్రమాదాలు ఉన్నాయి, రెండూ బయటికి ప్రశాంతంగానే కనిపిస్తాయి. సాయంత్రం పూట ఇంటికి పోతానని గొడవ చేయడం ఈ జబ్బులో తరచుగా కనిపించేదే. దానికి మంచి ఆయా చేసేదేమిటంటే ఆ వేళకు దీపాలు ముందే వేయడం, పక్కన కూర్చోవడం, నాలుగడుగులు నడిపించి తీసుకురావడం, మీ ఊరి గురించి అడిగి చెప్పించుకోవడం. సిబ్బంది లేని చోట మాత్ర వేసి పడుకోబెడతారు, లేదా చున్నీతోనో పాత చీర ముక్కతోనో చేతులు మంచానికి కడతారు. మీరు సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య వెళ్లండి. ఆ వేళకే అందరూ గాఢనిద్రలో ఉంటే, నిశ్శబ్దంగా ఉందని మెచ్చుకోకుండా, నిద్రమాత్రలు ఎవరెవరికి ఉన్నాయి, ఏ డాక్టరు రాశారు, చివరిసారి ఎప్పుడు చూసి కొనసాగించమన్నారు అని అడగండి. మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులను అదుపు చేయడానికి యాంటీసైకోటిక్ అనే రకం మానసిక జబ్బుల మందులు కొన్ని వాడితే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. కొందరికి అవి అవసరం పడవచ్చు గాని అది డాక్టరు మనిషిని చూసి తీసుకోవలసిన నిర్ణయం. మణికట్ల మీద గీతలు, కమిలిన మచ్చలు కనిపిస్తే కారణం అడగండి.

మార్బుల్ నేల మీకు నచ్చినట్టుంది. ఏసీ, మార్బుల్ లాంటివి చేర్పించడానికి వచ్చిన పిల్లల కోసం. తుంటి విరిగి వాకరుతో నడిచే మనిషికి తడిసిన మార్బుల్ కంటే పాత లోగిలి గచ్చే నయం. అయితే లోగిళ్లలో గడపలు ఎత్తుగా ఉంటాయి, మండువాలోకి మెట్లు దిగాలి, వాన పడితే మధ్యలో జారుతుంది. గడప దగ్గర వాలు కట్టారా, బాత్‌రూమ్‌లో కూర్చునే కమోడు, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయా, రాత్రి మంచం నుంచి బాత్‌రూమ్ దాకా దీపం ఉందా అన్నవి రెండు చోట్లా చూడవలసినవే. ఫిజియోథెరపీ చేసే మనిషి వారానికి ఎన్నిసార్లు వస్తారో కూడా అడగండి, ఎందుకంటే నడిపించకపోతే ఇప్పుడున్న నాలుగడుగులూ పోతాయి.

డెల్టాలో ఉన్నాం గనుక హైదరాబాద్‌లోనో న్యూజెర్సీలోనో ఎవరికీ తట్టని ప్రశ్నలు కొన్ని అడగాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తాగడానికి, వాడకానికి నీళ్లు ఎక్కడివి? నరసాపురం వైపు భూగర్భజలం చాలాచోట్ల ఉప్పన. నీళ్లు తక్కువైతే ముందు తగ్గేవి స్నానాలే. 2022 జులైలో గోదావరికి వచ్చినంత వరద మళ్లీ వస్తే ఆ గట్టు మీది దారి మునుగుతుందా? 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమను ఏం చేసిందో ఆ తరం వారందరికీ గుర్తే. అటువంటి హెచ్చరిక వస్తే నడవలేని పెద్దలను ఏ వాహనంలో ఎక్కడికి తీసుకెళతారన్నది యజమాని వెంటనే చెప్పగలగాలి, ఆలోచించి చెబుతామంటే ఆలోచించలేదనే అర్థం. పుండ్లు పడకుండా మోటారుతో గాలి నింపే ఎయిర్‌బెడ్లు ఉన్నాయని గొప్పగా చూపిస్తే జనరేటరు గురించి అడగండి, ఎందుకంటే మోటారు ఆగిపోతే ఆ పరుపు పనిచేయదు, కరెంటు పోయిన రాత్రి మనిషిని చేత్తో తిప్పవలసిందే. 108 వాహనం గుమ్మం దాకా రాగలదా, గట్టు మీద మలుపు తిరుగుతుందా, దగ్గరలో రాత్రిపూట డాక్టరు ఉండే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది అన్నవి మీరు స్వయంగా రాత్రి కారులో వెళ్లి చూసుకోవాలి. వానాకాలంలో ఒంటి ముడతల్లో ఫంగస్, ఏడాది పొడుగునా దోమలు మనకు తప్పని బాధలు; ప్రతి మంచానికీ దోమతెర ఉందా అన్నది ఒక్క చూపుతో తెలిసిపోతుంది.

సంక్రాంతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. భోగి నుంచి ముక్కనుమ దాకా గోదావరి జిల్లాల్లో పనికి మనిషి దొరకడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. పోయిన సంక్రాంతికి కనుమ రోజు రాత్రి ఎవరెవరు డ్యూటీలో ఉన్నారో హాజరు పట్టీలో చూపించమనండి. పండగకు రెట్టింపు కూలి ఇచ్చి అయినా మనుషులను నిలుపుకున్న యజమాని మిగతా రోజుల్లోనూ నిలుపుకుంటాడు. ఆయాలతో వీలైతే విడిగా రెండు మాటలు మాట్లాడండి: ఎన్నాళ్లుగా చేస్తున్నారు, జీతం నెల మొదట్లో వస్తోందా? ఏళ్ల తరబడి ఒకే చోట ఉన్న ఆయాకు ఏ మామ్మగారు ఏ వైపు తిరిగి పడుకుంటారో తెలుసు. మూడు నెలలకొకసారి మనుషులు మారే చోట అది ఎవరికీ తెలియదు. పెద్దవారిని అండీ, మామ్మగారూ అని పిలుస్తున్నారా, పేరు పెట్టి కసురుతున్నారా, మంచం నంబరుతో చెప్పుకుంటున్నారా అన్నది మీ చెవికే పడుతుంది.

ఇవన్నీ చూసిన తర్వాత కూడా నన్ను ఒక్క విషయాన్నే పట్టుకోమంటే, చూడనిచ్చే వేళలను పట్టుకుంటాను. ఎవరైనా ఎప్పుడైనా రావచ్చన్న చోట ఏదీ దాచిపెట్టే వీలుండదు. ఆదివారం ఒక్క గంట అన్న చోటు ఆ గంట కోసం సిద్ధం కాగలదు. అంటురోగాలు ప్రబలినప్పుడు, రాత్రి నిద్రవేళల్లో కొన్ని నియమాలు ఉండవచ్చు. కన్నకూతురు మధ్యాహ్నం మూడింటికి వస్తే గేటు తీయకపోవడానికి మాత్రం మంచి కారణం నాకు కనిపించదు. అందువల్ల నా మొగ్గు నరసాపురం వైపు లోగిలికే ఉంది, అదీ మూడు షరతుల మీద: ఇన్సులిన్ వేసేది నమోదైన నర్సు కావాలి, మంచం దిగలేనివారి సంఖ్యకు రాత్రి ఆయాల లెక్క సరిపోవాలి, వరద, తుఫాను వేళలకు ఏర్పాటు చెప్పగలగాలి. ఇవి తేలకపోతే రెండింటినీ వదిలి మూడో చోటు వెతకండి.

ఊరివారి మాట గురించి పెద్దగా చెప్పను. ఆ మాట అనేవారిలో రాత్రి రెండింటికి లేచి మీ అమ్మగారిని పక్కకు తిప్పేవారు ఎవరూ లేరు. ఇల్లో పొలమో రాసిస్తే జీవితాంతం చూసుకుంటామని ఎవరైనా అంటే మాత్రం ఆ గుమ్మం దిగి వచ్చేయండి. సేవ బాగా లేనప్పుడు వయోవృద్ధులు, వారి పిల్లలు సలహా కోసం 14567 నంబరుకు ఫోను చేయవచ్చు. డబ్బు తీసుకుని చేసే సేవ గనుక లోపం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు, కాబట్టి కట్టే ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

చేర్చే రోజున అమ్మగారి బరువు అక్కడే, మీ ఎదుట తూయించండి. మడమలు, నడుము కింది భాగం మీరే చూసి, ఏ మచ్చ ఉన్నా నర్సు ఎదుట రాయించండి. వేసుకునే మందులన్నీ మోతాదులతో ఒక కాగితం మీద రాసిచ్చి, మార్చే ముందు మీకు చెప్పాలని సంతకం తీసుకోండి. మొదటి నెలలో పాలకొల్లులోనో నరసాపురంలోనో ఉన్న మీ బంధువులు ఎవరైనా చెప్పకుండా, వేర్వేరు వేళల్లో వెళ్లి చూసేలా ఏర్పాటు చేయండి. కొత్త చోట మొదటి రెండు వారాలు అమ్మగారు ఏడుస్తారు, తీసుకెళ్లమంటారు, మీరెవరని కూడా అడగవచ్చు. దాన్ని బట్టి ఆశ్రమం చెడ్డదని అనుకోకండి. నెలాఖరున బరువు రెండు కిలోలకు మించి తగ్గినా, చేర్చినప్పుడు లేని మచ్చ ఒంటి మీద కనిపించినా, పగలు కూడా మత్తుగా పడి ఉన్నా, ముందు అక్కడి డాక్టరుతో మాట్లాడి కారణం అడగండి, కారణం సరిగా చెప్పకపోతే డిపాజిట్ గురించి ఆలోచించకుండా తీసుకొచ్చేయండి. అలా తీసుకొచ్చేటప్పుడు అడ్డం పడకుండా ఉండాలంటే, మొదటి మూడు నెలల్లో ఎప్పుడు వెళ్లిపోయినా ఎంత తిరిగి ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో చేర్చక ముందే కాగితం మీద రాయించుకోండి. ఈ రోజు ఆ కాగితానికి వారు ఒప్పుకుంటారో లేదో అడిగి చూడండి.